లారీకి 80, కారుకి 100 ఎందుకు? స్టీరింగ్ రెండు వైపులా కూర్చున్నవాడి సమాధానం

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. విశాఖలోని మధురవాడ నుంచి తునికి తరచుగా కారులో వెళ్తారు. కారుకి 100, లారీకి 80 అన్న బోర్డు చూసినప్పుడల్లా, ఒకే రోడ్డు మీద రెండు వేగాలు పెట్టడం వల్లే ఈ గందరగోళమంతా అనిపిస్తోంది మీకు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అందరికీ ఒకటే లిమిట్ కదా, మనమూ అలా చేస్తే మాటిమాటికీ బ్రేకు కొట్టడం, పక్కనుంచి దూరడం తగ్గుతాయి కదా అంటున్నారు. చివర్లో మీ బావగారి బొలెరో పికప్‌కి ఏ లిమిట్ వర్తిస్తుందని కూడా అడిగారు.

నేను లారీ నడిపినవాణ్ణి. తర్వాత గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్టులో బళ్లనీ డ్రైవర్లనీ చూసుకునే పనిలోకి వచ్చాను. సొంత కారూ ఉంది. కాబట్టి కారువాళ్లు లారీవాళ్లని తిట్టే తిట్లూ, లారీవాళ్లు కారువాళ్లని తిట్టేవీ రెండూ నోటికి వచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వేరు వేరు లిమిట్లు ఉండాల్సిందే. కాకపోతే ఎవరి లైనులో వాళ్లు వెళ్లని రోడ్డు మీద ఆ లిమిట్ సగమే పనిచేస్తుంది. మీరు పడుతున్న చికాకు ఆ పనిచేయని సగం నుంచి వస్తోంది.

అంకెలు మొదట సరిచూసుకుందాం, ఎందుకంటే చాలామంది సగం తెలిసి మాట్లాడతారు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేసిన గరిష్ఠ వేగాలు ఇవి. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లైన్లు, అంతకు పైబడ్డ రోడ్డు మీద కార్లకి 100, బస్సులకి 90, సరుకు బళ్లకి 80. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకి 120, బస్సుకి 100, సరుకు బండికి మాత్రం అక్కడా 80నే. మున్సిపల్ హద్దుల్లో కారుకి 70, సరుకు బండికి 60. అంటే ఊళ్లో తేడా 10 మాత్రమే. ఇవన్నీ గరిష్ఠాలు. ఎక్కడైనా బోర్డు ఇంతకంటే తక్కువ చూపిస్తే బోర్డుదే చెల్లుబాటు. విశాఖ ఊళ్లో హనుమంతవాక దగ్గర "నాకు హైవే మీద 100 ఉంది" అని వాదించేవాళ్లు కనిపిస్తుంటారు. లేదండీ, అక్కడ లేదు.

ఇక ఆ 20 తేడా ఎక్కడి నుంచి వచ్చింది? లారీ అంటే చులకనై పెట్టింది కాదు. బండి ఆగే దూరం చూడండి. 80 మీద వెళ్లే బండి సెకనుకి 22 మీటర్లు కదులుతుంది. ముందు ఏదో అడ్డం వచ్చిందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను అనుకుందాం. 33 మీటర్లు అయిపోయాయి, బ్రేకు ఇంకా పట్టనేలేదు. పట్టాక కూడా లోడు లారీ కారులా ఆగదు. ఎయిర్ బ్రేకు కాబట్టి పెడల్ నొక్కాక గాలి చివరి యాక్సిల్ దాకా చేరాలి. టైర్లు గట్టివి, బ్రేకు లైనర్లు (డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు) ఎప్పుడూ కొత్తవి ఉండవు. మామూలు కండిషన్‌లో ఉన్న లోడు లారీకి ఇంకో 60 మీటర్లు వేసుకోండి. మొత్తం 93 మీటర్లు. ఇప్పుడు మీ కారు 100 మీద ఉంది: బ్రేకు పట్టేలోపు 42 మీటర్లు, పట్టాక ఓ 55. మొత్తం 97.

చూశారా, రెండూ దాదాపు ఒకటే. రెండు బళ్లకీ వేగం వేరైనా ఆగే దూరం ఒకటే అయ్యేలా చూస్తే వచ్చే తేడాయే ఆ 20. అందరికీ 100 అంటే లారీ ఆగడానికి 140 మీటర్ల దాకా కావాలి. దాని ముందు మీరు కారులో ఉన్నారనుకోండి, సడన్‌గా ఆగాల్సి వచ్చింది. మీరు ఆగిన చోటికి అది ఇంకా బోలెడంత వేగంతో వస్తుంది. అందరికీ 80 అంటారా, అది వేరే వాదన. దానికి నేను అడ్డు చెప్పను గానీ, మన కార్లవాళ్లు ఒక్క రోజు కూడా పాటించరు.

బరువు సంగతీ ఉంది. పది చక్రాల లారీకి సరుకుతో కలిపి 25 టన్నులున్న పరిమితిని 2018 జూలైలో 28.5 చేశారు. పెద్ద ట్రెయిలర్లకి 49 నుంచి 55 టన్నులకి పెరిగింది. 28.5 టన్నుల లారీ 80 మీద ఉన్నప్పుడు, ఒకటిన్నర టన్ను కారు 100 మీద ఉన్నప్పుడు లెక్క కడితే, లారీలో ఉన్న శక్తి కారుదానికి పన్నెండు రెట్లు. అంత శక్తినీ బ్రేకు డ్రమ్ములే మింగాలి. ఎండాడ నుంచి హనుమంతవాక వైపు దిగే చోట పక్క లైనులో వెళ్తున్నప్పుడు అద్దం కిందికి దించి చూడండి, లైనర్ కాలిన వాసన ఒక్కోసారి కారులోకి వస్తుంది. దిగేటప్పుడు గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగదారిని అడ్డుకుని బండిని నెమ్మది చేసేది) వేసి, ఇంజిన్ మీద బండిని పట్టి ఉంచాలి. అలా కాకుండా డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ పట్టు పోతుంది, భారమంతా లైనర్ల మీదే. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించిందంటే ఎంత తొక్కినా పెడల్ కిందికి వెళ్తుందే తప్ప బండి ఆగదు. కింద సిగ్నల్ దగ్గర బైకులు నిలబడి ఉంటాయి. కొత్త డ్రైవర్ వస్తే నేను మొదట అడిగేది లైసెన్సు కాదు, ఎండాడ ఏ గేరులో దిగుతావని.

ఇప్పుడు అమెరికా సంగతి. మీరు చెప్పింది నిజమే. అక్కడ చాలా రాష్ట్రాలు లారీకీ కారుకీ ఒకే లిమిట్ పెట్టాయి. కాలిఫోర్నియా లాంటివి మాత్రం వేరుగానే ఉంచాయి: అక్కడ పెద్ద లారీకి గంటకి 55 మైళ్లు, అంటే 88 కి.మీ. "ఒకటే ఉండాలి" అనేవాళ్ల వాదనకి పాత ఆధారం ఒకటుంది. 1964లో డేవిడ్ సోలమన్ అనే ఆయన గ్రామీణ హైవేల ప్రమాదాలు పరిశీలించి, సగటు వేగానికి బాగా ఎక్కువగా వెళ్లేవాడికే కాదు, బాగా తక్కువగా వెళ్లేవాడికీ ముప్పు ఎక్కువేనని గ్రాఫ్ గీసి చూపించారు. ఆ గ్రాఫ్ మీద తర్వాత బోలెడు విమర్శలు వచ్చాయి. మలుపు తిరగడానికి స్లో అయిన బళ్లు, ఆగుతున్న బళ్లు కూడా నెమ్మదిగా వెళ్లేవాటి లెక్కలో పడ్డాయని. అయినా అసలు విషయంలో పస లేకపోలేదు: బళ్ల మధ్య వేగాల తేడా పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి దాటాల్సిన సందర్భాలు పెరుగుతాయి. బ్రిటన్ 2015 ఏప్రిల్‌లో ఇంగ్లండ్, వేల్స్ రోడ్ల మీద పెద్ద లారీల లిమిట్ పెంచింది కూడా అందుకే. డివైడర్ లేని రోడ్డు మీద 40 మైళ్ల లిమిట్‌తో లారీ వెళ్తుంటే వెనక కార్లు బారులు తీరి, ఓపిక నశించి ఎదురు బండి చూసుకోకుండా ఓవర్‌టేక్ చేస్తున్నాయని దాన్ని 50 చేశారు. ఇదే యూరప్‌లో జర్మనీ ఆటోబాన్ చూడండి. చాలా చోట్ల కార్లకి లిమిటే ఉండదు, లారీకి మాత్రం 80. అక్కడ నడుస్తోంది. ఎందుకు నడుస్తోందంటే లారీ కుడివైపు చివరి లైను వదలదు, మనకి ఎడమవైపు లాగన్నమాట. కొన్ని చోట్ల లారీ లారీని దాటకూడదని బోర్డులు కూడా ఉంటాయి.

అమెరికా లారీతో మన లారీని పోల్చేటప్పుడు ఇంకో మాట. అక్కడ మామూలు హైవే లారీ మొత్తం బరువు 36 టన్నులు, ఇంజిన్ 400 హార్స్‌పవర్ పైన. మన టాటా సిగ్నా 5530 తీసుకోండి, పేరులోనే ఉంది: 55 టన్నులు, 300 హార్స్‌పవర్. బరువు ఒకటిన్నర రెట్లు, బలం ముప్పావు వంతు. నూరు మీటర్లకి మూడు మీటర్లు ఎక్కే చోట ఫుల్ లోడు మీద అది 35 దాటడం కష్టం. లిమిట్ బోర్డు మీద 80 రాసినా 100 రాసినా దానికి ఒరిగేదేమీ లేదు.

ఇక్కడే అందరూ తప్పుతున్న పాయింటు ఉంది. మీరు 80కీ 100కీ మధ్య తేడా గురించి గొడవపడుతున్నారు. ఆ తేడాతో ముందు లారీ మీకు సెకనుకి ఐదారు మీటర్లు దగ్గరవుతుంది, అర కిలోమీటరు ముందు కనిపిస్తే నిమిషం పైన టైముంది. ఎలమంచిలి, నక్కపల్లి వైపు వెళ్లేటప్పుడు మిమ్మల్ని నిజంగా భయపెట్టే తేడా అది కాదు. 100 మీదున్న కారుకీ, కుడి లైనులో 40 మీద పోతున్న లోడు ట్రెయిలర్‌కీ మధ్య తేడా. రాత్రిపూట అయితే 100కీ సున్నాకీ మధ్య తేడా, అంటే రోడ్డు అంచున ఇండికేటర్ కూడా లేకుండా ఆపిన లారీ. లిమిట్లు ఒకటి చేస్తే ఇందులో ఒక్కటీ తగ్గదు.

మరి లారీలు కుడి లైనులో ఎందుకు వెళ్తాయి? కారువాళ్లకి దొరికే సమాధానం "పొగరు". మా దగ్గర ఒక శ్రీకాకుళం డ్రైవర్‌ని ఇదే అడిగితే అన్నాడు: "ఎడం పక్కనెల్తే ఆటోలు, బైకులు, రాంగు రూట్లో గేదెలు తోలుకొచ్చీవోడు. లోడు మీద పదిసార్లు బ్రేకేస్తే బండేటవుద్ది సార్? కుడి పక్కయితే డివైడరే కదా, అది ఎదురు రాదు." ఆ మాటలో అబద్ధం లేదు. మన నాలుగు లైన్ల రోడ్డు అంటే ఒక వైపుకి రెండే లైన్లు. ఎడమ లైనులో 40 మీద ఆటో, 50 మీద బైకు, బస్టాపు లేని చోట ఆగిన బస్సు, డాబా ముందు నిలిపిన లారీలు. పైగా లోడు బళ్లు తిరిగి తిరిగి చాలా చోట్ల ఎడమ లైనే గాడులు పడి ఉంటుంది. ఎడమ లైను బైకుదీ, కుడి లైను లారీదీ అయిపోయాక కారుకి మిగిలింది ఆ రెంటి మధ్య సందు. మీరు ఎడమ నుంచి దూరతారు. లారీ డ్రైవర్‌కి ఎడమ పక్క సగం కనిపించదు. ఖరీదైన కార్లు నుజ్జయ్యేది చాలావరకు ఆ దూరడంలోనే.

కాబట్టి ఒక వైపుకి రెండు లైన్లున్న రోడ్డు మీద మూడు రకాల వేగాలని సర్దడం కుదిరే పని కాదు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లైన్ల రోడ్డు మీద కుదురుతుంది. మీరు మధురవాడలో ఉన్నారు కాబట్టి తునికి ఆ దారే పట్టండి, ఊళ్లోంచి గాజువాక మీదుగా కాదు. అక్కడ మూడు లైన్లున్నాయి. ఎడమది బైకులకీ నెమ్మది బళ్లకీ, మధ్యది లారీలకీ, కుడిది దాటే కార్లకీ అన్న అలవాటు ఎవరూ చెప్పకుండానే కొంత వచ్చింది. ఫుల్ మార్కులు వేయను గానీ నాలుగు లైన్ల రోడ్డు కంటే నయం.

అయితే ఆ మూడు లైన్లనీ మూసేసే ఆట ఒకటుంది: లారీ లారీని దాటడం. ఒకటి 75 మీద ఉంది, వెనకది 80 మీద. వెనకవాడికి స్పీడ్ గవర్నర్ (వేగాన్ని ఒక అంకె దాటనివ్వని పరికరం) 80 దగ్గర లాక్. రెండూ పన్నెండేసి మీటర్ల బళ్లు, పక్కకి వెళ్లడానికీ తిరిగి లైనులోకి రావడానికీ ఇరవై ఇరవై మీటర్లు ఖాళీ కావాలి. సెకనుకి మీటరున్నర కూడా రాని తేడాతో అరవై నాలుగు మీటర్లు కలుపుకోవడానికి ముప్పావు నిమిషం పడుతుంది, ఆ లోపు రెండు బళ్లూ కిలోమీటరు వెళ్లిపోతాయి. మీరు వెనక డిప్పర్ కొడుతూ ఉంటారు. ముందున్న లారీవాడు వినడు. వినలేడు కూడా, ఎందుకంటే మధ్యలో ఆపేస్తే మళ్లీ ఆ వేగం అందుకోవడానికి ఎంత డీజిల్ తాగుతుందో వాడికి తెలుసు. ఐదు కి.మీ. తేడాతో దాటొద్దని మా డ్రైవర్లకి నేను చెప్తూనే ఉంటాను. వింటున్నారని చెప్పను.

గవర్నర్ మాట వచ్చింది కాబట్టి: 2015 అక్టోబర్ తర్వాత తయారైన సరుకు బళ్లకి 80 దగ్గర ఆపే పరికరం కంపెనీ నుంచే రావాలి. ట్యాంకర్లు, డంపర్లు, స్కూల్ బస్సులు, ప్రమాదకర సరుకు మోసే బళ్లకైతే 60. మల్కాపురం రిఫైనరీ వైపు నుంచి వచ్చే ట్యాంకర్ మీ ముందు 60 మీద పాకుతుంటే విసుక్కోకండి, వాడు చేస్తున్నది సరైన పనే. కాకపోతే వైరు పీకి, ఫిట్‌నెస్ తనిఖీ రోజున మళ్లీ తగిలించే బళ్లు రోడ్డు మీద ఉన్నాయి. వాటిని బోర్డు మీద అంకె మార్చి ఆపలేరు.

వైరు ఎందుకు పీకుతారో కూడా చెప్పాలి. విశాఖ నుంచి విజయవాడ 350 కి.మీ. పైచిలుకు. 60 మీద ఆరు గంటలు, 80 మీద నాలుగున్నర. కలిసొచ్చేది గంటన్నర. అదే బండి లోడింగ్ పాయింట్ బయట క్యూలో పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడుతుంది, కాటా దగ్గర మళ్లీ నిలబడుతుంది. కిరాయి ట్రిప్పుకే గానీ ఎదురుచూపుకి కాదు. పోయిన ఆ పూటని డ్రైవర్ రాత్రి రోడ్డు మీద వెతుక్కుంటాడు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961లోనే రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 అని రాసింది. సొంత బండి, ఒకే డ్రైవర్, దూరపు లోడు అన్న చోట ఆ గంటలు ఎవరు లెక్కపెడతారు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి కారణం అతివేగమని కేంద్రం నివేదిక చెప్పింది. ప్రమాదం రిపోర్టులో కారణం రాసే గడిలో "అతివేగం" అని టిక్కు పెట్టడం తేలిక. నిద్రమత్తుని నిరూపించడం కష్టం, కాబట్టి అది ఆ గడిలోకి రాదు.

ఆగిన లారీ విషయంలో ఒక చిన్న ఇనుప కమ్మీ గురించి చెప్తాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. లారీ వెనక, బాడీ కింద అడ్డంగా ఒక బారు ఉంటుంది. కారు వెనక నుంచి గుద్దితే బాడీ కిందికి దూరిపోకుండా ఆపేది అదే. అది ఉంటే కారు బానెట్ దెబ్బ తింటుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది, మనిషి బతుకుతాడు. లేకపోతే లారీ బాడీ అంచు నేరుగా అద్దం ఎత్తుకి వస్తుంది, ఎయిర్‌బ్యాగ్‌కి పనే ఉండదు. టిప్పర్లకి అన్‌లోడింగ్‌లో తగులుతోందని ఆ బారు పైకి వంచేస్తారు, కొందరు వైరుతో కట్టి వదిలేస్తారు. లంకెలపాలెం దగ్గర సిగ్నల్ పడినప్పుడు ముందున్న బళ్ల వెనక భాగం చూడండి. రిఫ్లెక్టర్ టేపు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, బారు ఒక పక్కకి వేలాడుతుంటుంది. నన్ను అడిగితే లిమిట్ 80 నుంచి 90 చేయాలా అన్న చర్చ కంటే ఈ బారు సరిగ్గా ఉందో లేదో టోల్ దగ్గర చూడటం వల్ల ఎక్కువమంది బతుకుతారు.

వేరు లిమిట్ నిజంగా అమలు కావాలంటే? స్పీడ్ గన్ పెట్టిన కల్వర్టు ఎక్కడుందో ప్రతి డ్రైవర్‌కీ తెలుసు, అక్కడ అందరూ మర్యాదస్తులే. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఏ రకం బండి ఏ టోల్ ఏ నిమిషంలో దాటిందో రికార్డు ఉంటుంది. రెండు టోల్ గేట్ల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, లారీకి వేరే, కారుకి వేరే లెక్క చూడటం కష్టమేమీ కాదు. మధ్యలో డాబా దగ్గర అరగంట ఆగి మిగతా దారంతా దూకేవాడు ఇందులో దొరకడు. అయినా ఇప్పుడు దొరికేవాళ్లకంటే ఎక్కువమందే దొరుకుతారు. దాంతోపాటు బైకులకి సర్వీసు రోడ్డు, లారీలకి ఆపుకునే స్థలం ఉంటేనే "ఎడమ లైనులోకి వెళ్లు" అని లారీవాణ్ణి అడగడానికి మనకి నోరుంటుంది.

అప్పటిదాకా మీరు చేయగలిగింది కొంచెమే. లారీ కుడి లైనులో ఉంటే హారన్ మోగించకుండా వంద మీటర్లు వెనకే ఉండి ఒకసారి డిప్పర్ కొట్టి చూడండి, చాలామంది దారి ఇస్తారు. ఇవ్వకపోతే, ఎడమ నుంచే వెళ్లక తప్పదనుకుంటే, వాడి ఎడమ అద్దంలో వాడి ముఖం మీకు కనిపించాకే కదలండి. ముఖం కనిపించకపోతే మీరూ వాడికి కనిపించరు. దాటాక వెంటనే వాడి ముందుకి కోసి బ్రేకు వేయకండి, ఆ 93 మీటర్ల లెక్క గుర్తుంది కదా.

బావగారి బొలెరో పికప్ సంగతి. అది చూడ్డానికి కారు లాగే ఉంటుంది, పరుగూ కారు లాగే. కానీ లిమిట్ చక్రాల లెక్కని బట్టి కాదు, సరుకు బండా ప్రయాణికుల బండా అన్నదాన్ని బట్టి. సరుకు బళ్లన్నిటికీ ఒకే వరుస కాబట్టి పికప్‌కీ, టాటా ఏస్‌కీ, 55 టన్నుల ట్రెయిలర్‌కీ నాలుగు లైన్ల రోడ్డు మీద 80నే, ఖాళీగా వెళ్తున్నా సరే. ఇన్నోవా ఏడుగురినీ ఎనిమిది మందినీ ఎక్కించుకున్నా కారు కిందే లెక్క, 100 ఉంది. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ అయితే బస్సు వరుసలోకి వెళ్లి 90 అవుతుంది. జరిమానాకి మాత్రం వేరే కొలబద్ద: 2019 సవరణ ప్రకారం తేలికపాటి బండికి 1,000 నుంచి 2,000, మధ్యతరహా, భారీ బళ్లకి 2,000 నుంచి 4,000. మొత్తం బరువు 7,500 కిలోల లోపైతే తేలికపాటి బండే. అంటే మీ బావగారికి లిమిట్ లారీది, జరిమానా కారుది.